అల్జియా చెప్పాల్సిన మాట

"చేతులు కాస్త గబగబా ఆడించమ్మా నజీహా. ఇది కుస్కుసు, నీ నవల కాదు."

అత్తగారు హాజా సాల్హా ఆ మాట అనడం, డాబా మీద ఆడవాళ్ళంతా గొల్లుమనడం ఒక్కసారే జరిగాయి. పక్కింటావిడైతే నవ్వీ నవ్వీ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. నజీహా కూడా నవ్వింది. నవ్వకపోతే కోడలు మూతి ముడుచుకుందంటారు, నవ్వితే సిగ్గు లేదంటారు. రెండింట్లో నవ్వడమే తక్కువ శ్రమ. ఏటా ఆగస్టులో, సంవత్సరానికి సరిపడా కుస్కుసు చేసుకోవడానికి స్ఫాక్స్ ఊళ్ళో డాబాల మీద ఆడవాళ్ళు చేరే రోజుల్లో, అత్తగారు పెద్ద గిన్నెలతో, జల్లెళ్ళతో పాటు ఈ మాటను కూడా అటక మీంచి దింపుతుంది. దులిపి తుడిచి మొదటిరోజు నుంచే వాడకంలో పెడుతుంది.

నిజానికి నజీహా చేతులు పొద్దున్నించీ ఆగింది లేదు. రవ్వ మీద నీళ్ళు చిలకరించడం, అరచేత్తో గుండ్రంగా తిప్పడం, పిండి చల్లడం, మళ్ళీ తిప్పడం, జల్లించడం. అందరికంటే ముందు లేచి ఆవిరి కుండలు కడిగింది ఆమే. ఆరబోయడానికి తెల్ల దుప్పట్లు ఉతికింది ఆమే. ఇంతమందికీ మధ్యాహ్నం పెట్టాల్సిన చేపల పులుసు కింద ఉడుకుతోంటే మధ్యమధ్య మెట్లు దిగి చూసొస్తున్నదీ ఆమే. అయినా నిదానస్తురాలు ఆమే. ఒక మనిషి గురించి ఇంట్లో ఒక మాట స్థిరపడిపోతే ఇక ఆ మనిషి పరిగెత్తినా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

ఆ మాట స్థిరపడటానికి కారణం ఆమె నవల. కూతురు దొర్రా గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న రోజుల్లో మొదలుపెట్టింది. దొర్రా వచ్చే ఏడు బడి చదువు ముగించి కాలేజీకి వెళ్ళబోతోంది. నవల ఇంకా అవలేదు. అందులో అల్జియా అని ఒకామె ఉంది. పాతకాలంలో ట్యూనిస్ నగరంలో, మొగుడి మాట వినని ఆడదాన్ని, తీర్పులు చెప్పే ఖాజీ 'దార్ జవాద్' అనే ఇంటికి పంపేవాడు. బుద్ధి వచ్చేదాకా అక్కడ ఉండాలి. వచ్చిందో లేదో మొగుడొచ్చి గుమ్మంలో నిలబడి అడుగుతాడు. వచ్చిందంటే వెంట తీసుకుపోతాడు. లేదంటే తలుపు మళ్ళీ మూసుకుంటుంది. నజీహా తన అల్జియాను ఆ ఇంట్లోకి పంపింది, అక్కడ చలినీ ఆకలినీ దాటించింది, చివరికి గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. మొగుడు వచ్చాడు. "బుద్ధి వచ్చిందా?" అని అడిగాడు. ఇప్పుడు అల్జియా జవాబు చెప్పాలి. అక్కడే కథ ఆగింది. రెండేళ్ళుగా అల్జియా ఆ గుమ్మంలో నిలబడే ఉంది, నజీహా ఆమె పక్కన నిలబడే ఉంది.

ఎన్ని జవాబులు రాసి కొట్టేసిందో లెక్క లేదు. కొన్ని మరీ ఉపన్యాసంలా ఉన్నాయి. కొన్ని మరీ తెలివిగా, ఈ కాలం ఆడపిల్ల కాలేజీ మెట్ల మీద అన్నట్టు ఉన్నాయి. ఒకటి చాలా బాగుంది. అది బాగుందని నెల రోజులు మురిసి, ఒకరోజు గిన్నెలు తోముతూ మెల్లగా పైకి అనుకుని చూస్తే, అది అల్జియా నోట్లోంచి వచ్చిన మాట కాదు, తనకు చప్పట్లు కావాలనిపించి తనే పెట్టిన మాట. దాన్నీ కొట్టేసింది. ఇలా కొట్టేసిన రోజు ఆమెకు ఏడుపు రాదు. పంటిలో ఇరుక్కున్న పీచు ఊడి వచ్చినట్టు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి గురించి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే వినేవాళ్ళెవరు? పని చెడగొట్టుకుని సంతోషిస్తున్నావా అంటారు.

దానిమ్మపండు సంగతి మాత్రం ఒకసారి నోరు జారి మొగుడికి చెప్పింది. అల్జియా జూన్ నెలలో దానిమ్మ తింటున్నట్టు రాసి, తర్వాత గుర్తొచ్చి ఉలిక్కిపడింది. జూన్‌లో దానిమ్మలెక్కడివి?

"అయితే ఆప్రికాట్ పెట్టెయ్," అన్నాడు రిధా, పేపర్లోంచి తలెత్తకుండానే.

"ఆప్రికాట్ మరక ఉతికితే పోతుంది. ఆవిడ తెల్ల ముసుగు మీద ఆ మరక చివరిదాకా ఉండాలి."

"ఎవరు గమనిస్తారే?"

నజీహా ఆ కథనంతా ఎండాకాలం నుంచి శరత్కాలానికి మార్చింది. వేడి బదులు వాన, తెరిచిన కిటికీల బదులు మూసిన కిటికీలు, మనుషుల ఒంటి మీద బట్టలు, వాళ్ళు తినే తిండి, నిద్రపోయే చోటు, అన్నీ మళ్ళీ రాసింది. ఆ పనికి ఒక ఏడాది పోయింది. రిధా ఆ కథను స్నేహితులకు కాఫీ హోటల్లో చెప్పి నవ్వించాడు. "మా ఆవిడ ఒక దానిమ్మపండు ఒలవడానికి ఏడాది తీసుకుంది," అని.

రిధా చేయి వేగం. ఊళ్ళో ఒక దినపత్రికకు రోజూ ఒక వ్యాసం రాస్తాడు. కాఫీ కప్పు ముందు పెట్టుకుని మొదలుపెడితే కాఫీ చల్లారేలోపు వ్యాసం పూర్తవుతుంది. "ఒక్కసారి చూసిపెట్టు," అని కాగితం ఆమె వైపు తోస్తాడు. పొయ్యి మీద ఒక కన్ను, కాగితం మీద ఒక కన్ను వేసి నజీహా అతని వాక్యాలు సరిచేస్తుంది. ఎక్కడో మొదలై ఎక్కడో తేలిన వాక్యాన్ని పట్టుకొచ్చి దారిలో పెడుతుంది. రెండుసార్లు చెప్పిందాన్ని ఒకసారికి తగ్గిస్తుంది. పెళ్ళైనప్పటి నుంచీ ఇదే వరస. రిధా గారి భాష ఎంత తేటగా ఉంటుందో అని ఊరంతా మెచ్చుకుంటారు. ఆ వ్యాసాలన్నీ కలిపి పుస్తకాలుగా కూడా వేశాడు. ప్రతి పుస్తకం మొదట్లో 'నా భార్య ఓపికకు' అని అంకితం ఉంటుంది. ఆ ఓపికే ఆమె సొంత నవల దగ్గరికి వచ్చేసరికి బద్ధకం అయిపోయింది.

నజీహా ఆడపిల్లల బడిలో అరబ్బీ పాఠాలు చెబుతుంది. అక్కడా ఇదే గోల. "సమాధాన పత్రాలు కూడా నవలలాగే దిద్దుతున్నారా మేడమ్?" అంటుంది ప్రధానోపాధ్యాయురాలు. తోటి టీచరు ఒకాయన ఒకరోజు చాలా దయగా, "మీ ఆయన దగ్గర కాస్త కిటుకు నేర్చుకోకూడదటమ్మా, ఆయనకు భాష ఎంత సులువుగా వస్తుందో!" అన్నాడు. నజీహా ఆయన ముఖంలోకి చూసి, "అడుగుతానండీ," అంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రిధా వ్యాసంలో ఒక్క తప్పు కూడా దిద్దలేదు. మర్నాడు అది అలాగే అచ్చయింది. ఎవరూ గమనించలేదు. ఆ రోజు మాత్రం ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది.

సరే, డాబా సంగతికి వద్దాం. ఆ పొద్దున అత్తగారి ఎగతాళి నజీహా మీద ఎంతోసేపు నిలవలేదు. పెద్దావిడ కంటికి తన కూతురు బేయా సంచి కనపడింది. బేయా ట్యూనిస్ నుంచి వచ్చింది, మర్నాడే వెళ్ళిపోవాలి. అందుకని మూడు రోజుల కిందట చేసిన కుస్కుసులో తన వాటా నిన్న సాయంత్రమే సంచికెత్తి మూతి కట్టేసింది. హాజా సాల్హా సంచి విప్పించి మోచేతి దాకా చేయి దూర్చింది. పిడికెడు తీసి చెంపకు ఆనించుకుంది.

"ఎవరు కట్టమన్నారే దీన్ని?"

"ఎండిపోయిందమ్మా. పైన గలగలమంటోంది చూడు."

"పైన గలగలమంటే సరా? లోపల చెమ్మ చావలేదు. చలికాలంలో మూత తీసి చూసుకో, పచ్చగా బూజు పట్టి గుండెలు బాదుకుంటావు. ఎండిందో లేదో నువ్వు చెప్పడమేంటే? నీ రైలు చెప్పడమేంటే? అది చెప్పాలి!" అంటూ సంచిని దుప్పటి మీద గుమ్మరించింది. బేయా ముఖం మాడ్చుకుని కుస్కుసును మళ్ళీ పల్చగా నెరపసాగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా పెద్దావిడ చెప్పిందే నిజమన్నట్టు తలలాడించారు. ఇక్కడ నెమ్మదిగా ఉండటం తప్పని ఎవరూ అనలేదు. ఇంటికి తిండయ్యే నెమ్మదికి మర్యాద ఉంది. నజీహా అది గమనించింది గానీ, రవ్వ తిప్పుతూ ఊరుకుంది.

అప్పుడు వచ్చాడు రిధా. చేతిలో మిఠాయి పెట్టె. కుస్కుసు చేసే రోజుల్లో మగవాళ్ళు డాబా మీదికి మామూలుగా రారు. వచ్చినా మెట్ల దగ్గర దగ్గి, నిలబడి, కావాల్సింది అడిగి పోతారు. రిధా నేరుగా మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"అందరూ నోళ్ళు తీపి చేసుకోండి. మా నజీహా నవల అచ్చుకు వెళ్తోంది!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పక్కింటావిడ నాలుక ఆడిస్తూ పెళ్ళింట్లో పెట్టే సంబరపు కూత పెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. పావురాలు లేచిపోయాయి. ఆ హోరులో నజీహా మాత్రం పిండి చేతులతో అలాగే కూర్చుంది.

"ఏ నవల?" అంది.

"ఏ నవలేంటి, నీ నవలే. నీకు చెప్పకుండా ఉంచాను, ఆశ్చర్యపడతావని. కంప్యూటర్లో ఉన్నదంతా ట్యూనిస్‌కి, సీ మెహ్రెజ్‌కి పంపాను. ప్రచురణకర్తల్లో ఆయన్ని మించినవాడు లేడు. ఆయనకు తెగ నచ్చింది. పుస్తకాల పండుగకు తెస్తానన్నాడు. బహుమతికి కూడా పంపుతాడట. వచ్చే వారం అచ్చు మొదలు."

"అది పూర్తి కాలేదు."

"అయింది," అన్నాడు రిధా, చాలా ప్రేమగా. "చివరి అధ్యాయం నేను పూర్తిచేశాను. వారం పట్టింది, అంతే. నీ పేరు మీదే వస్తుంది. నా పేరు ఎక్కడా ఉండదు."

మళ్ళీ కూతలు. "నా కొడుకు బంగారం," అంది హాజా సాల్హా అందరివైపూ చూస్తూ. "పెళ్ళాం పని కూడా చేసిపెట్టాడు. ఏ మొగుడు చేస్తాడమ్మా ఈ రోజుల్లో?"

నజీహా వేళ్ళ మధ్య రవ్వ తడి తగ్గి గట్టిపడుతోంది. ఆమెకు మొదట అడగాలనిపించింది ఒక్కటే. "అల్జియా ఏం చేసింది?"

"ఆఁ?"

"గుమ్మంలో ఉంది కదా. ఏం చేసింది?"

"ఏం చేస్తుంది, ఇంటికెళ్ళింది. మొగుడి చేయి పట్టుకుని ఏడ్చింది, ఆ చేతికి ముద్దు పెట్టింది. ఆయనా ఏడ్చాడు. చదివితే నీకే కన్నీళ్ళొస్తాయి. చదివేవాళ్ళకు చివర్లో కాస్త ఓదార్పు కావాలే నజీహా. నువ్వు ఎంతసేపూ ఆవిణ్ణి నిలబెట్టి చంపుతావు."

నజీహాకు తన బిడ్డను ఎవరో జుట్టు దువ్వి, బొట్టనవేలు నోట్లో పెట్టి, ముద్దుగా ఉంది కదా అని చూపించినట్టు అనిపించింది. ఇన్నేళ్ళు చలిలో నిలబడ్డ మనిషి ఒక వారంలో వంగిపోయింది. పైగా రేపు ఊరంతా ఆ వంగిన మనిషిని చూసి, నజీహా వంచిందనుకుంటారు.

"వెనక్కి తెప్పించు," అంది.

రిధా ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "అందరి ముందూ ఏంటిది?"

"అందరి ముందూ చెప్పింది నువ్వే. అందరి ముందే వెనక్కి తెప్పించు."

"నువ్వు నా వాక్యాలు దిద్దలేదూ? ఇన్నేళ్ళు దిద్దావు. నేను నీది ఒక్క అధ్యాయం పూర్తిచేస్తే తప్పయిపోయిందా?"

 రిధా గారి వాక్యాలు ఎవరు దిద్దుతారో ఆ ఆడవాళ్ళు వినడం అదే మొదటిసారి. ఆ సంగతి రిధాకు ఆలస్యంగా తట్టింది.

"నేను దిద్దితే, నువ్వేం చెప్పాలనుకున్నావో అదే సరిగ్గా చెప్పేలా దిద్దాను," అంది నజీహా. "నా మాట ఒక్కటి కూడా నీ నోట్లో పెట్టలేదు. నువ్వు నా మనిషి నోరు తెరిచి నీ మాట కుక్కావు."

"కథలో మనిషే అది!"

"అవును. అందుకే నాకు తప్ప ఎవరూ దిక్కులేదు దానికి."

హాజా సాల్హా కలగజేసుకుంది. "చాల్లే. మంచి చేసినవాణ్ణి కరుస్తారా ఎక్కడైనా?"

"అత్తయ్యా, ఇప్పుడే కదా బేయా సంచి విప్పించారు. ఆరకముందే కట్టిందని గుమ్మరించారు. నాది కట్టిపంపేస్తే మాత్రం మిఠాయిలు తినాలా?"

"కుస్కుసుకీ కాగితాలకీ పోలికటే? కుస్కుసు ఇంటిల్లిపాదీ తింటారు. నీ పుస్తకాన్ని ఎవరు తింటారే?"

ఆడవాళ్ళు కొందరు నవ్వారు. నజీహా ఈసారి నవ్వలేదు. బకెట్లో చేతులు ముంచి, వేళ్ళ సందుల్లో పిండి ఒక్కొక్క వేలూ రుద్ది కడుక్కుంది. లేచి నిలబడింది.

"ఏమే, గిన్నె మధ్యలో వదిలేసి లేస్తావా? ముద్దకడుతుందది!"

"మీ అబ్బాయికి పనులు త్వరగా పూర్తిచేయడం బాగా వచ్చు అత్తయ్యా. గిన్నె ఆయనకివ్వండి."

ఆమె మెట్లు దిగుతుంటే వెనక బేయా నవ్వు ఆపుకోలేక దగ్గడం వినిపించింది.

గదిలోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచి ఆ అధ్యాయం చదివింది. రిధా చెప్పినట్టు అందులో కన్నీళ్ళు చాలా ఉన్నాయి. అందరివీ ఉన్నాయి, దార్ జవాద్ కాపలాదారు ముసలమ్మవి కూడా. మరక ఉన్న ముసుగు సంగతి అతను మర్చిపోయాడు. అల్జియా కొత్త తెల్ల ముసుగు వేసుకుని ఇంటికి వెళ్ళింది. ఒక ఏడాది కష్టపడి నిలబెట్టిన మరక ఒక్క పేజీలో మాయం. రెండో పేజీలో ఒక వాక్యం, రిధా వాక్యాలన్నిటిలాగే, ఎక్కడో మొదలై ఎక్కడో తేలింది. నజీహా చేయి అలవాటుగా కదిలింది. సగం సరిచేసింది కూడా. అప్పుడు తను ఏం చేస్తోందో తెలిసి ఒళ్ళు మండిపోయింది. తన మెడకు బిగించే తాడును కూడా ముడి సరిగ్గా లేదని సవరించేంత ఓపిక ఎక్కడిది తనకు? ఇంత మంచి పనిమనిషిని ఈ ఇల్లు ఎప్పుడు తయారుచేసింది? ఆ వాక్యాన్ని ఎలా ఉందో అలా వదిలేసి కంప్యూటర్ కట్టేసింది.

మర్నాడు పొద్దున్నే చేతిసంచి తీసుకుని బయల్దేరింది. అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఎక్కడికే? డాబా మీద ఇంకా రెండు బస్తాల రవ్వ ఉంది."

"ట్యూనిస్ వెళ్ళొస్తాను."

"వాడికి చెప్పావా?"

"ఆయన నాకు చెప్పాకే పంపాడా?" అని పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది.

మనుషులు నిండితే గానీ కదలని లువాజ్ బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా ఆలివ్ తోటలు వెనక్కి పోతున్నాయి. ఆమెలో ఒక మనసు అడుగుతూనే ఉంది: ఏమవుతుందే, రానివ్వకూడదూ? పుస్తకం అట్ట మీద నీ పేరు. ఆ ప్రధానోపాధ్యాయురాలి ముఖం చూడాలి కదా. కాఫీ హోటల్లో దానిమ్మపండు కథ చెప్పి నవ్విన వాళ్ళ నోళ్ళు మూతపడతాయి కదా. ఇన్నేళ్ళ తర్వాత ఎవరైనా "ఇంకా అవలేదా?" అని అడగని ఒక్క రోజు కావాలని నీకు లేదూ? ఉంది. ఎందుకు లేదు? ఆమెకు పుస్తకం మీద ఆశ లేకపోతే ఇన్నేళ్ళు ఎందుకు కూర్చుంటుంది? నిదానంగా రాసేవాళ్ళకు పేరు మీద కోరిక ఉండదని అందరూ అనుకుంటారు. కోరిక అందరికీ ఒకేలా ఉంటుంది. కాకపోతే ఆమెకు ఇంకో కోరిక దానికంటే పెద్దది. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి నోరు తెరిచి ఏమంటుందో వినాలని ఉంది.

ఆఫీసులో సీ మెహ్రెజ్, అంటే మెహ్రెజ్ గారు, లేచి నిలబడి ఆహ్వానించాడు. తెల్ల జుట్టు, మర్యాదస్తుడు. బల్ల మీద అచ్చు ప్రూఫులు కట్టగా ఉన్నాయి.

"రండి మేడమ్, మీరే స్వయంగా వచ్చారు! చివరి అధ్యాయం చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. నిజం చెప్పనా, ముందు భాగమంతా కాస్త నెమ్మది. చివర్లో మీకు మంచి ఊపు వచ్చింది."

"ఆ ఊపు నాది కాదండీ. మా ఆయనది."

సీ మెహ్రెజ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. ఆమె సంగతంతా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సీ రిధా మీ తరఫున మాట్లాడుతున్నానన్నారు. నేనెందుకు అనుమానిస్తాను చెప్పండి? భార్యాభర్తలు. మీరూ ఆయనా ఒకటే కదా."

"కరెంటు బిల్లు దగ్గర ఒకటే. పుస్తకం దగ్గర ఇద్దరం."

ఆయన చెడ్డవాడు కాదు. పని ఆగకూడదు, అంతే. "పోనీ ఒక పని చేద్దాం. ఇక్కడే రెండు రోజులు ఉండండి. మా చెల్లెలింట్లో గది ఇప్పిస్తాను. ఆ అధ్యాయం మీ పద్ధతిలో రాసెయ్యండి. పండుగకూ అందుతుంది, బహుమతికీ అందుతుంది."

"రెండు రోజుల్లో వచ్చేదైతే రెండేళ్ళు ఎందుకు నిలబడతానండీ?"

"ఏదో ఒకటి రాయండి మేడమ్. ఎవరు గమనిస్తారు?"

"అందరూ ఇదే అడుగుతారు నన్ను. గమనించేవాళ్ళ కోసమే రాస్తున్నాను. వాళ్ళు కొద్దిమందే ఉంటే ఉండనివ్వండి."

"ఈసారి వదులుకుంటే మళ్ళీ వేస్తానని నేను మాటివ్వలేను," అన్నాడు ఆయన మెల్లగా. "మీ మీద గౌరవం ఉండే చెబుతున్నాను. మాకూ ఓ హద్దుంటుంది."

"ఇవ్వకండి."

నజీహా కుర్చీలో కూర్చుని కలం అడిగింది. ప్రూఫుల కట్టలో చివరి అధ్యాయం తీసి, మొదటి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీసింది. రెండో పేజీ తిప్పి ఇంకో గీత. సీ మెహ్రెజ్ చూసి చూసి, "ఒక్కసారే చింపేస్తే పోదా?" అన్నాడు. ఆమె తలెత్తలేదు. ఏ పేజీనీ వదలకుండా, తొందర లేకుండా, గీతలన్నీ ఒకేలా వచ్చేలా చివరిదాకా గీసింది. సగం సరిచేయబోయి వదిలేసిన ఆ వాక్యం దగ్గర మాత్రం కలం కాస్త గట్టిగా నొక్కింది. తర్వాత కట్టంతా సంచిలో పెట్టుకుని లేచింది. ఆయన తలుపు దాకా వచ్చాడు.  "ఆ దానిమ్మ మరక చాలా బాగుంది మేడమ్," అన్నాడు. నజీహాకు అప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిరిగి స్ఫాక్స్ చేరేసరికి సాయంత్రం ప్రార్థన పిలుపు వినిపిస్తోంది. వీధి మొదట్లోకే ఆవిరి పట్టిన కుస్కుసు వాసన వస్తోంది. ఇంటి నీలం తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో రిధా నిలబడి ఉన్నాడు. సీ మెహ్రెజ్ ఫోన్ చేసినట్టున్నాడు, ముఖంలోనే తెలుస్తోంది. కోపం వచ్చింది, తగ్గింది, ఇప్పుడు పెద్దమనసు చేసుకోవాలని తీర్మానించుకున్నాడు. ఆ పెద్దమనసు నజీహాకు కోపం కంటే బాగా పరిచయం. అతని వెనక భోజనాల బల్ల, దాని మీద బోర్లించిన పళ్ళాలు, వడ్డించేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న ఇంటిల్లిపాదీ కనిపిస్తున్నారు.

"ఊరంతా నవ్వుతోంది," అన్నాడు. "బహుమతి పోయింది. ఆయన దగ్గర నా పరువు పోయింది. ఒక మంచి పని చేద్దామనుకుంటే నన్ను దొంగను చేశావు."

నజీహా సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

రిధా నిట్టూర్చాడు. గొంతు మెత్తబరిచాడు. గుమ్మంలోంచి కొంచెం పక్కకు జరిగి, లోపలికి దారి చూపిస్తూ, సగం నవ్వుతూ అన్నాడు. "పోనీలే. ఇప్పటికైనా బుద్ధి వచ్చిందా? రా లోపలికి. నేను క్షమించేశాలే."

తను ఏం అడిగాడో అతనికి తెలియలేదు. ఆ అధ్యాయమంతా తన చేత్తో రాశాడు, అయినా తెలియలేదు. నజీహాకు మాత్రం చెవుల్లో ఏదో ఆగిపోయినట్టయింది. ఆమె ఏమీ వెతకలేదు, ఏమీ కూర్చలేదు. రెండేళ్ళుగా మూసుకున్న నోరు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వు క్షమించేంత తప్పు నేనింకా చేయలేదు, రిధా."

  రోజుకో వ్యాసం రాసేవాడు, కాఫీ చల్లారేలోపు ఏ విషయం మీదైనా మాట్లాడేవాడు, గుమ్మంలో ఊరికే నిలబడిపోయాడు.

నజీహా పెదవులు కదులుతున్నాయి. ఆ మాటనే మళ్ళీ లోపల్లోపల అనుకుంటోంది. గిన్నెలు తోముతూ అనుకున్నట్టు, పిండి తిప్పుతూ అనుకున్నట్టు. ఉపన్యాసంలా లేదు. చప్పట్లు అడగడం లేదు.

"ఏమంటున్నావ్?" అన్నాడు రిధా.

"నీతో కాదు," అని అతన్ని దాటి లోపలికి నడిచింది.

"వచ్చావా మహాతల్లీ," అంది హాజా సాల్హా బల్ల దగ్గర్నుంచి. "ముందు వడ్డించు, ఆకలికి ప్రాణాలు పోతున్నాయి."

"కుండలోనే ఉంది కదా అత్తయ్యా, వడ్డించుకోండి."

బల్ల మీద తన ముందున్న పళ్ళాలను రెండు చేతులతో పక్కకు జరిపి చోటు చేసుకుంది. సంచిలోంచి ప్రూఫుల కట్ట తీసి, గీత గీసిన ఒక పేజీని తిరగేసి, దాని తెల్లటి వెనకవైపు, తను గుమ్మంలో అన్నది అన్నట్టే రాసింది. ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. చుట్టూ అందరూ చూస్తున్నారని తెలుసు. తొందరపడలేదు. ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని ఒక్కొక్క మాటనూ పట్టి చూసింది. మామూలుగా అయితే ఒక్క వాక్యం మీద నెలలు పోయేవి. ఈసారి అందులో తీసెయ్యాల్సింది ఒక్క మాటే కనిపించింది. కలం తీసుకుని 'రిధా' కొట్టేసింది.